మాట వెనుక కథ: టీటీవై

కరీంనగర్ ఐటీ టవర్‌లోనో, బాసర ట్రిపుల్ ఐటీలోనో లైనక్స్ టెర్మినల్ తెరిచి ‘టీటీవై’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మీరున్న టెర్మినల్ పేరు తెర మీదికి వస్తుంది. ఆ మూడక్షరాలు ‘టెలిటైప్’కు పొట్టి పేరు. టెలిటైప్ అన్నది అమెరికాలో ఒకనాటి కంపెనీ పేరు, అది చేసిన యంత్రం పేరు కూడా. ఒకప్పుడు మన పత్రికాఫీసుల్లో ఏజెన్సీ వార్తల్ని టకటకా కాగితం మీద కొట్టిన టెలిప్రింటర్ దాని తోబుట్టువే. 1963 నాటి మోడల్ 33 వేగం సెకనుకు 10 అక్షరాలు. యూనిక్స్ తొలినాళ్లలో కంప్యూటర్‌తో మాట్లాడింది దాని మీదే. యంత్రం మూలపడింది, పేరు మిగిలింది.

లైనక్స్‌లో మొదటి సీరియల్ పోర్టు పేరు ‘టీటీవైఎస్0’. వర్చువల్ మెషీన్‌లో ఆ పోర్టూ ఉత్తదే, తీగా ఉత్తదే. క్యూఎము లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని సృష్టించి, నెట్‌వర్క్‌లో ఓ టీసీపీ పోర్టుకు తగిలించగలదు. హైదరాబాద్ సర్వర్‌లోని మెషీన్ బూటయ్యే తీరును ఆదిలాబాద్‌లో కూర్చుని వరుసవరుసగా చదవొచ్చు. ఆ మెషీన్ లోపల ఐపీ సెట్టింగు తప్పి ఎస్ఎస్‌హెచ్ మొరాయించినా, ఈ దారిలో లాగిన్ కావచ్చు. అందుకు వర్చువల్ మెషీన్ కెర్నల్‌కు ‘కన్సోల్=టీటీవైఎస్0’ అని ముందే చెప్పి, ఆ పోర్టు మీద లాగిన్ నడిచేలా చూసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. ఆ పోర్టును టెల్నెట్‌తో బయటికి తెరవకండి. పాస్‌వర్డ్‌తో సహా అంతా బాహాటంగా పోతుంది. ఆ మెషీన్‌ను నడిపే సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి, అక్కడి నుంచే కన్సోల్ తెరవండి.