రోడ్డు జారుడును పసిగట్టే రాడార్

జారే రోడ్డును టైరు తాకకముందే గుర్తించాలన్న ఆలోచన వాహన రాడార్‌కు ఆలస్యంగా వచ్చింది. ఓడలు ఢీకొనకుండా చూసే పరికరానికి జర్మన్ ఇంజినీరు హ్యూల్స్‌మేయర్ 1904లో పేటెంటు తీసుకున్న నాటి నుంచి రాడార్ పని ఎదుటి వస్తువును చూడడమే. 1990ల తొలి ఏళ్లలో అమెరికాలోని గ్రేహౌండ్ బస్సులకు, ఆ దశాబ్దం చివర మెర్సిడెస్ కార్లకు అమర్చిన రాడార్లూ అంతే. రోడ్డు నుంచి వచ్చే ప్రతిధ్వని వాటికి వడగట్టి పారేయవలసిన చెత్త.

అవసరం మాత్రం పాతదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు పొడి తారు మీద బ్రేకు వేస్తే సుమారు 30 మీటర్లలో ఆగుతుంది. ఘర్షణ గుణకం 0.1కి పడిపోయే మంచుగడ్డ మీద 250 మీటర్లు కావాలి. 1978లో వచ్చిన ఏబీఎస్, 1995లో వచ్చిన ఈఎస్‌పీ అనే భద్రతా వ్యవస్థలు చక్రం జారడం మొదలయ్యాకే రంగంలోకి దిగుతాయి.

పారేస్తున్న ఆ ప్రతిధ్వనిలోనే సమాచారం ఉందని 1990లలో తేలింది. వాహన రాడార్ వాడే 77 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 4 మిల్లీమీటర్ల లోపే. తారులో తేలిన కంకర గరుకుదనమూ ఆ స్థాయిదే. అందుకే పొడి రోడ్డు తరంగాలను నలువైపులా చెదరగొట్టి కొంత వెనక్కి పంపుతుంది. నీటి పొర గుంతలను పూడ్చి ఉపరితలాన్ని అద్దంలా చేస్తే తరంగం ముందుకే జారిపోతుంది. తరంగం కంపించే దిశలైన నిలువు, అడ్డ ధ్రువణాల మీద ఈ ప్రభావం ఒకేలా ఉండదు. ఆ రెండింటిలో తిరిగొచ్చే ప్రతిధ్వనుల నిష్పత్తితో రోడ్డు స్థితిని తేల్చే ప్రయోగాలు 1997 ప్రాంతంలో జర్మనీలో 76 గిగాహెర్ట్జ్ వద్ద, తర్వాత ఫిన్లాండ్‌లోని వీటీటీ సంస్థలో 24 గిగాహెర్ట్జ్ వద్ద జరిగాయి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం రోడ్డు ఉపరితలాల పరావర్తనాన్ని కొలిచి, నమూనాలు రూపొందించింది.

అసలు చిక్కు మంచుగడ్డతోనే. పదార్థం తరంగాన్ని ఎంత ప్రతిఫలిస్తుందో నిర్ణయించే డైఎలక్ట్రిక్ స్థిరాంకం దానికి 3 పైచిలుకు, అంటే తారుకు దగ్గర. నీటిది చాలా ఎక్కువ. కాబట్టి అంత ప్రమాదం లేని తడిని రాడార్ తేలిగ్గా పట్టుకుంటుంది, ప్రాణాలు తీసే పల్చటి మంచు పొర దగ్గర తడబడుతుంది. చూసే కోణం మరో ఇబ్బంది. అర మీటరు ఎత్తున బంపర్‌లో ఉన్న రాడార్ 20 మీటర్ల దూరాన్ని చూస్తే తరంగం నేలను ఒకటిన్నర డిగ్రీల వాలులోనే రాసుకుంటూ పోతుంది. వెనక్కి వచ్చేది అత్యల్పం.

నీటినీ మంచునూ వేరు చేయడంలో పరారుణ కాంతి సాధనాలు మెరుగు, కానీ బురద పడితే వాటికి చూపు తగ్గుతుంది. అందుకే పరిశోధకులు రాడార్‌ను కెమెరాతో, ఉష్ణోగ్రత కొలతతో జత చేసి చూస్తున్నారు. వోల్వో 2016లో స్వీడన్, నార్వేలలో వేరే దారి పట్టింది: ఒక కారు చక్రం జారితే ఆ కబురు నెట్‌వర్క్ ద్వారా వెనక వచ్చే కార్లకు చేరుతుంది. ఆ దారిన మొదట వెళ్లే కారుకు మాత్రం ఈ హెచ్చరిక అందదు.