రష్యన్ ఇంటిపేర్లలో ముస్లిం జాడలు

నవలలోని పాత్రకు ఇంటిపేరు ఎన్నుకొనడం చిన్న విషయంగా కనిపించవచ్చును. కాని రష్యన్ సాహిత్యంలో దాని వెనుక ఒక సుదీర్ఘ చరిత్ర ఉన్నది. 1862లో తుర్గేనెవ్ సృష్టించిన బజారోవ్ పేరులో, మనం నిత్యం పలికే 'బజారు' అనే పారశీక పదమే ఉన్నది. దాస్తయేవ్‌స్కీ పెట్టిన 'కరమాజోవ్' అనే పేరులోని 'కర'కు తురుష్క భాషలలో నలుపు అని అర్థం. ఆ నవలలోనే ఒక స్త్రీ అల్యోషాను 'చెర్నమాజోవ్' అని పిలుస్తుంది. 'చెర్న' అనగా రష్యన్‌లో నలుపే. కనుక రచయిత ఆ అర్థం ఎరిగియే పేరు పెట్టాడనుకోవచ్చును.

ఈ పదాలు రష్యనులకు ఎరువు సొమ్ము కాదు. శతాబ్దాల సహజీవన ఫలితం. 1552లో కజాన్ పతనమయ్యాక అనేక తాతారు కుటుంబాలు జార్ల కొలువులో చేరాయి. నొగాయ్ పాలకుడు యూసుఫ్ సంతతివారు 17వ శతాబ్దిలో క్రైస్తవం స్వీకరించారు. అయినా యూసుపోవ్ అనే పేరు నిలిచింది. మరోవైపు వోల్గా తీరంలో, మధ్య ఆసియాలో ముస్లిముల పేర్లకు 'ఓవ్' చేరి కరీమోవ్, రహీమోవ్ అయ్యాయి, విశ్వాసం మారలేదు. 2007లో తజికిస్తాన్ అధ్యక్షుడు రహ్మానోవ్ ఆ తోకను తొలగించి రహ్మాన్ అయ్యాడు.

కాబట్టి పేరును బట్టి మతాన్ని నిర్ణయించడం తగదు. కథకుడైనా, చరిత్రకారుడైనా ముందు అడగవలసినది ఆ వ్యక్తి ఏ కాలంవాడు, ఏ ప్రాంతంవాడు అనే.