బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి

శ్రీ సత్యసాయి జిల్లా బత్తలపల్లిలో, అనంతపురం–కదిరి రహదారి మీద ఉన్న స్వచ్ఛంద ఆసుపత్రి ఇది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు 2000లో ప్రారంభించింది. జిల్లాలో అందరూ ‘ఆర్డీటీ ఆసుపత్రి’ అనే అంటారు. పడకలు మూడు వందలకు పైగా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా బత్తలపల్లి అనంతపురం జిల్లాలోనే ఉండేది.

ట్రస్టు వ్యవస్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ (1920–2009) బార్సిలోనాలో పుట్టాడు. 1952లో జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘ సభ్యుడిగా భారతదేశానికి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పనిచేశాడు. 1968లో దేశం వదలాల్సి వచ్చింది. మరుసటి ఏడు తిరిగొచ్చి, కరువు సీమ అనంతపురంలో ట్రస్టు పెట్టాడు. ఆ పనిలో తోడుగా ఉన్న అన్నే అనే మహిళ ఆయన భార్య అయింది. ఆయన సమాధి బత్తలపల్లిలోనే ఉంది. ట్రస్టుకు కళ్యాణదుర్గం, కణేకల్లులో కూడా ఆసుపత్రులున్నాయి. ఊళ్లలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలూ ఉన్నారు. వీళ్లు లేకుండా ఆసుపత్రి కథ చెబితే సగమే చెప్పినట్టు. కాన్పుకు ఎవరు వెళ్లాలి, ఎవరి దగ్గు ఎన్నాళ్లుగా తగ్గడం లేదు అన్న సంగతులు ముందు తెలిసేది వీళ్లకే.

కాన్పులు, పిల్లల జబ్బులు, శస్త్రచికిత్సల వంటి సేవలున్నా, ఆసుపత్రికి పేరు తెచ్చింది మాత్రం హెచ్ఐవీ, క్షయ చికిత్స. ప్రభుత్వంతో ట్రస్టు సహకారం ఎలా నడుస్తుందో ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. హెచ్ఐవీకి వాడే ఏఆర్టీ మందులు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ద్వారా వస్తాయి. డాక్టర్లు, పడకలు, ల్యాబు ట్రస్టువి. రోగి తన చికిత్స వివరాలుండే పుస్తకంతో వస్తాడు. బరువు రాస్తారు, దగ్గు, జ్వరం అడుగుతారు, అనుమానముంటే కళ్లె పరీక్షకు పంపుతారు, మాత్రలు ఇచ్చి తర్వాత రావాల్సిన తేదీ రాస్తారు. రోగి చెల్లించేదేమీ లేదు. ఇలా చేరిన వివరాల మీద ‘విన్సెంట్ ఫెర్రర్ హెచ్ఐవీ కోహర్ట్’ పేరుతో అధ్యయనాలు అంతర్జాతీయ వైద్య పత్రికల్లో వచ్చాయి. ఒక పల్లె ఆసుపత్రికి ఇది మామూలు విషయం కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు ప్రభుత్వం దీన్ని కోవిడ్ ఆసుపత్రిగా వాడుకుంది. అత్యవసరంలో ప్రభుత్వానికి ట్రస్టు పడకలు అక్కరకొచ్చాయి.

డబ్బు సంగతి వేరు. మిగతా చికిత్సలకు రోగుల నుంచి తీసుకునే రుసుము తక్కువ, అది ఖర్చుకు చాలదు. అసలు ఆధారం స్పెయిన్ దాతలు. అక్కడ 1996లో ఏర్పడిన ఫెర్రర్ ఫౌండేషన్ ద్వారా విరాళాలు వస్తాయి. ఇక్కడి పేద కుటుంబాలూ హుండీల్లో తోచినంత వేస్తాయి. అది పెద్ద మొత్తం కాకపోయినా, తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియదన్న మాట పడకుండా చేస్తుంది. పేదల చికిత్స ఖర్చు భరించే రాష్ట్ర ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయితే ఆ పథకం ఒక్కో చికిత్సకు ఇంత అని కట్టే ప్యాకేజీ. రోజూ వచ్చే ఓపీకీ, నర్సుల జీతాలకూ, ఊళ్లో తిరిగే కార్యకర్తలకూ దాన్నుంచి నేరుగా ఏమీ రాదు.

విదేశీ విరాళాలకు కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2025లో ట్రస్టు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఆగిపోవడంతో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆందోళనలు జరిగాయి. రాష్ట్ర నాయకులు కేంద్రాన్ని కదిలించే ప్రయత్నం చేశారు. ప్రభుత్వ మాత్రలు పంచుతున్న ఆసుపత్రికే ప్రభుత్వ అనుమతి రాకపోవడం ఈ సహకారంలోని బలహీనతను బయటపెట్టింది: మందుల బాధ్యత ప్రభుత్వం తీసుకుంది గానీ, ఆసుపత్రి నిర్వహణ ఖర్చుకు అలాంటి హామీ ఏదీ లేదు.