ఫలానా ఆమె భర్త

మా అమ్మమ్మ వాళ్ల అక్కను మేం పెద్దమ్మమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె భర్త మద్రాస్ సాపర్స్‌లో సిపాయి. బెంగళూరు కేంద్రంగా ఉండి వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు తీయడం చేసే దళం అది. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి ఆయన తిరిగి రాలేదు. ‘సింగపూరులో పోయాడు’ అన్న ఒక్క మాట తప్ప ఆయన గురించి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు. ఆ మాట వెనక ఏముందో తెలుసుకోవాలని రికార్డులు వెతకడం మొదలుపెట్టాను.

ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. అందరి కాగితాలూ ఒకేలా బతకలేదు. బ్రిటిష్ అధికారుల వివరాలు చాలావరకు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. సిపాయిల కాగితాలు ఇక్కడే, ఆయా దళాల రికార్డు ఆఫీసుల్లో ఉండిపోయాయి. పింఛను రాని సిపాయి షీట్ రోల్‌ను 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు. లాంగ్ రోల్ అనే చిట్టాలో ఒక వరస మాత్రం మిగులుతుంది. ఆ వరసను పట్టుకోవాలన్నా సర్వీసు నంబరు, దళం పేరు, తండ్రి పేరు, ఊరు కావాలి.

నంబరు మా మామయ్యలెవరికీ తెలియదు. పెద్దమ్మమ్మ దాచుకున్న మనియార్డరు కూపను మీద ఉంది. భర్త జీతంలోంచి నెలనెలా వచ్చే డబ్బుకి వేలిముద్ర వేసి, ఆ కాగితం ముక్కను ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టుకుంది. ఆమె పోయాక మా అమ్మ దాన్ని పారెయ్యలేదు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చినప్పటినుంచీ స్త్రీల జ్ఞాపకాలు చరిత్రకు ఆధారాలేనని చెప్పుకుంటున్నాం. వాళ్లు దాచుకున్నవి కూడా ఆధారాలే.

ఆ నంబరుతో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వెతికాను. క్రాంజీలోని సింగపూర్ స్మారకం మీద, సమాధి తెలియని 24 వేల మందికి పైగా పేర్లలో ఆయన పేరు ఉంది. వివరాల్లో మా ఊరి పేరు ఇంగ్లీషువాళ్ల చెవికి ఎలా వినిపించిందో అలా రాసి ఉంది. చివర ‘ఫలానా ఆమె భర్త’ అంటూ పెద్దమ్మమ్మ పేరు.

నేను ఆ వరస దగ్గరే ఆగిపోయాను. మిగతా ఏ కాగితంలో చూసినా ఆమె ‘ఫలానా ఆయన భార్య’. 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లో, సొంత పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్యననో, ఫలానావాడి తల్లిననో రాయించుకున్నందుకు దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, ఓటర్ల జాబితాకెక్కలేదు. అలాంటి కాలంలో ఒక మగవాణ్ణి భార్య పేరుతో గుర్తించారు. అందుకు అతను చచ్చిపోవాల్సి వచ్చింది.

అదేదో గౌరవమన్న భ్రమ నాకు లేదు. డబ్బు ఎవరికి పంపాలి, చావు కబురు ఎవరికి చెప్పాలి అన్న లెక్క కోసమే ఆ పేరు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు సుమారు 80 వేల మంది లొంగిపోయారు. వాళ్లలో దాదాపు సగం భారతీయ సిపాయిలు. ఎవరు ఖైదీలో, ఎవరు పోయారో యుద్ధం అయ్యేదాకా చాలా ఇళ్లకి తెలియలేదు. మా ఇంటికి కబురు 1945 చివర్లో వచ్చిందని అమ్మమ్మ చెప్పేది. అన్నాళ్లూ పెద్దమ్మమ్మ బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా అని ఊరంతా తర్కించుకుంది. ఆమెను విధవ అనలేదు, పేరంటానికీ పిలవలేదు. కబురు వచ్చేదాకా ఆమె బొట్టు తియ్యలేదట. సైన్యం లెక్కలో ఆయన ‘గల్లంతు’. ఆమె ఏమిటో ఏ లెక్కలోనూ లేదు.

ఇంట్లోని సిపాయి కాగితాలు వెతికేవాళ్లు ముందు పెద్దవయసు ఆడవాళ్ల దగ్గర కూర్చోండి. నంబరు ఒక్కటే అడిగి లేచిరాకండి. మనియార్డరు ఆగిపోయాక ఎవరు తిండి పెట్టారో, బొట్టు తియ్యమన్నది ఎవరో, వద్దన్నది ఎవరో కూడా అడిగి రాసుకోండి. లాంగ్ రోల్‌లో వాటికి గడి లేదు.