మెరైన్ ఇంజనీరింగ్‌లో చేరుతున్నారా? ముందు ‘షిప్ ఇన్ క్యాంపస్’ చూడండి

కొల్లేటికోట, కైకలూరు వైపు కుర్రాళ్లకు ఇంజన్లు కొత్తేం కాదు. చెరువు గట్ల మీద ఏరియేటర్లు, డీజిల్ మోటార్లు చూస్తూనే పెరుగుతారు. ఇంటర్ ఎంపీసీ అయ్యాక కొందరు మెరైన్ ఇంజనీరింగ్ వైపు చూస్తున్నారు. అయితే ఫీజు కట్టే ముందు ఒక్కటి అడగాలి. అక్కడ ఇంజన్ మీద చెయ్యి వెయ్యనిస్తారా?

షిప్ ఇన్ క్యాంపస్ అంటే: నేల మీదే కట్టిన ఓడ ఇంజన్ రూమ్. మెయిన్ ఇంజన్, జనరేటర్లు, బాయిలర్, పంపులు, ప్యూరిఫైయర్ నిజంగా నడవాలి. విద్యార్థులే స్టార్ట్ చేసి, విప్పి, బిగించాలి.

ఇంకేం ఉండాలి: వెల్డింగ్, లేత్ వర్క్‌షాప్. నడిసముద్రంలో కరెంట్ పోతే ఏం చేయాలో నేర్పే సిమ్యులేటర్. మంటలార్పే శిక్షణ.

ఎలా చేరాలి: ఐఎంయూ సెట్ రాయాలి. బీటెక్ నాలుగేళ్లు. ఆ తర్వాత ఓడ మీద ఆరు నెలల శిక్షణ, ఆపై సర్టిఫికెట్ పరీక్షలు. ఐఎంయూ విశాఖ క్యాంపస్‌లోని నేవల్ ఆర్కిటెక్చర్ మాత్రం ఓడల డిజైన్ కోర్సు. రెండూ ఒకటి కాదు.

టెన్త్‌తోనే అయితే: విశాఖ సిఫ్‌నెట్‌లో రెండేళ్ల మెరైన్ ఫిట్టర్ కోర్సు ఉంది. ఇది చేపల వేట ఓడల ఇంజన్లకు సంబంధించింది.

జాగ్రత్త: కాలేజీకి డీజీ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఏజెంట్ మాట నమ్మి డబ్బు కట్టొద్దు. కంటి పరీక్ష కూడా ముందే చేయించుకోండి. రంగులు సరిగా గుర్తించలేకపోతే ఈ ఉద్యోగం రాదు.