కోడి కూయకముందే కాగే చారు

రాత్రి ఎక్కువ తాగితే పొద్దున్నే పట్టుకునే తలనొప్పికి ప్రతి దేశమూ తన వంటింట్లోనే మందు వెతుక్కుంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో క్యాబేజీ ఆకులు తినమన్నాడు. పోలండ్‌లో ఊరబెట్టిన దోసకాయల నీళ్లు తాగుతారు. మెక్సికోలో ఎద్దు బోటితో మెనూడో వండుతారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కొరియావాళ్ల హేజాంగ్‌గుక్, అంటే మత్తు దించే చారు.

గొర్యో రాజ్యం చివరి రోజుల్లో కొరియా వర్తకులు చైనా భాష నేర్చుకోవడానికి రాసుకున్న సంభాషణల పుస్తకం నొగొల్దే. ఈ చారు మాట అందులోనే ఉంది. ఆ తర్వాతి జొసొన్ కాలంలో దొరల ఇళ్లకు చేరిన చారు వైభవమే వేరు. సియోల్‌కు ఆగ్నేయంగా ఉన్న నమ్హన్‌సాన్‌సొంగ్ కోట దగ్గర గొడ్డు పక్కటెముకలు, నత్తజాతి అబలోని, క్యాబేజీ మొవ్వ, సోయా మొలకలు, పుట్టగొడుగులు వేసి రోజంతా మరిగించేవారు. కుండకు బొంత చుట్టి రాత్రికి రాత్రే రాజధానికి పంపేవారు. తెల్లవారుజాము గంట మోగే వేళకు అది వేడివేడిగా పెద్దింటి గడపకు చేరేదని 1925లో వచ్చిన ఒక పుస్తకం చెబుతోంది.

కానీ సియోల్ నేటికీ రోజూ తినేది ఆ దొరల చారు కాదు, కూలీల చారు. నగరం నడిబొడ్డున చొంగ్జిన్‌దోంగ్‌లో కట్టెల సంత ఉండేది. చీకటితోనే మోపులు మోసుకొచ్చిన వాళ్లకు కడుపు నింపాలి, ధర తక్కువ ఉండాలి. అందుకే ఎవరూ పెద్దగా కొనని సరుకే కుండలోకి వెళ్లింది: ఎముకలు, బోటి, గడ్డకట్టిన ఎద్దు నెత్తురు, క్యాబేజీ పైన ముదురాకులు. తెలంగాణలో మేక నల్ల తిన్నవాళ్లకు ఆ నెత్తురు ముక్కలు కొత్తగా అనిపించవు. పులిసిన సోయా ముద్ద కలిపిన ఆ చారు మట్టిగిన్నెలో ఇంకా కుతకుతమంటూనే బల్ల మీదికి వస్తుంది. చెంచాతో నొక్కితే నెత్తురు ముక్క మెత్తగా విడిపోతుంది, ముదురాకు మాత్రం నమలాల్సిందే. ఆ వీధిలో 1937లో మొదలైన చొంగ్జినోక్ హోటల్ ఇప్పటికీ ఇదే వండుతోంది.

తాగినవాళ్ల చారుగా దీనికి ఇంత పేరు రావడానికి కర్ఫ్యూ కూడా ఒక కారణం. 1945 నుంచి 1982 జనవరి దాకా దక్షిణ కొరియాలో రాత్రిపూట వీధుల్లో తిరగనిచ్చేవారు కాదు. ఎక్కువ కాలం అది అర్ధరాత్రి నుంచి 4 గంటల వరకు ఉండేది. ఇల్లు చేరలేక బార్లలోనే చిక్కుకుపోయినవాళ్లు 4 కొట్టగానే ఈ హోటళ్లకు వచ్చి పడేవారు. కట్టెలమ్మేవాళ్ల పక్క బల్ల మీద ఆఫీసు ఉద్యోగులు కూర్చున్నారు.

దక్షిణాన జొంజు ఊళ్లో దీన్ని సోయా మొలకలతో, ఉప్పు రొయ్యలతో తేలిగ్గా వండుతారు. మొలకల్లోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లమే మత్తు దించుతుందని కొరియన్ల గట్టి నమ్మకం. అయితే హ్యాంగోవర్ మందుల మీద జరిగిన ప్రయోగాలను 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సమీక్షించింది. ఏ ఒక్కటీ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని తేల్చింది. మద్యాన్ని విరగ్గొట్టేది కాలేయమే, దాన్ని ఏ చారూ తొందరపెట్టలేదు. ఒంట్లోంచి పోయిన నీళ్లు, ఉప్పు మాత్రం ఈ గిన్నెతో తిరిగి వస్తాయి.

సియోల్ వెళ్లే మనవాళ్లకు ఒక మాట. గొడ్డుమాంసం తినేవాళ్లయితే, మందు ముట్టకపోయినా సరే, ఒక ఉదయం ఈ హోటళ్లలో కూర్చుని ఈ చారు తినండి. ఇది మొదట పనికి పోయేవాళ్ల పొద్దుటి తిండే.