కన్నవారి ఆచూకీ: దత్త సంతానానికి చట్టం చూపే దారి

దత్తత వెళ్లిన బిడ్డ పెద్దయిన తరువాత తనను కన్నవారెవరో తెలుసుకోగోరితే అందుకు చట్టం అవకాశం కల్పిస్తోంది. అయితే ఈ హక్కుకు ఒక హద్దు ఉంది. గోప్యత కోరిన తల్లి సమ్మతి లేనిదే ఆమె వివరాలు వెల్లడించరు.

నేపథ్యం: పరిపక్వత వచ్చిన బిడ్డకు కన్నవారి సమాచారం ఇవ్వడానికి పెద్దగా అభ్యంతరం ఉండనవసరం లేదని లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. బిడ్డ పుట్టుక వివరాలను భద్రపరచాలని 1993 నాటి హేగ్ ఒప్పందం 30వ అధికరణం నిర్దేశిస్తోంది. భారత్ దీనిని 2003లో ధ్రువీకరించింది. 2022 దత్తత నిబంధనలలో మూలాల అన్వేషణ విధానాన్ని పొందుపరిచారు.

ఎవరిని సంప్రదించాలి: 18 ఏళ్లు నిండినవారు స్వయంగా, అంతకు తక్కువ వయసువారు పెంచిన తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేసుకోవాలి. కేంద్ర దత్తత వనరుల సంస్థ (కారా), జిల్లా బాలల సంరక్షణ విభాగం, దత్తత ఇచ్చిన సంస్థ ఇందుకు సహకరించాలి. విదేశాలలో ఉన్నవారు అక్కడి భారత దౌత్య కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. వారి తరఫున ఇతరులు అన్వేషణ జరపడాన్ని నిబంధనలు అనుమతించవు.

తల్లి నిరాకరిస్తే: అవివాహితగా బిడ్డను కని, ఎవరికీ తెలియకుండా అప్పగించి, తరువాత వేరొక సంసారంలో స్థిరపడిన స్త్రీకి ఒక్క ఉత్తరం కూడా ముప్పు తేగలదు. అందువల్లనే ఆమె సమ్మతి తప్పనిసరి. ఆమె నిరాకరించినా, ఆచూకీ దొరకకపోయినా, బిడ్డను అప్పగించిన కారణాలు, పరిస్థితులు మాత్రం దరఖాస్తుదారుకు తెలియజేయాలి.

పత్రాలే కీలకం: ప్రస్తుత చట్టం ప్రకారం తల్లిదండ్రులు బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ఎదుట అప్పగించాలి. పునరాలోచనకు వారికి 60 రోజుల గడువు ఉంటుంది. ఇటువంటి దత్తతలలో కన్నవారి పేర్లు దస్త్రాలలో ఉంటాయి. ఊయలలోనో, బస్టాండులోనో దొరికిన శిశువు విషయంలో దొరికిన చోటు, తేదీ, పోలీసు నివేదిక, పత్రికా ప్రకటన మాత్రమే ఆధారాలు. చాలా అన్వేషణలు అక్కడే ఆగిపోతాయి. 1956 హిందూ దత్తత చట్టం కింద బంధువుల మధ్య జరిగిన దత్తతలలో, దస్తావేజు రిజిస్టరై ఉంటే ఇచ్చినవారి వివరాలు అందులోనే లభిస్తాయి.

తండాల గాథ: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొని దత్తత కేంద్రాలకు చేర్చిన వ్యవహారాలు 1999లోను, 2001లోను వెలుగుచూశాయి. నాటి శిశువులు నేడు పాతికేళ్లు దాటినవారు. అటువంటి దస్త్రాలలోని పేర్లను, ఊళ్లను పూర్తిగా నమ్మడానికి వీలులేదు. చదువురాని తల్లి వేలిముద్ర ఉన్నంత మాత్రాన అందులోని రాత ఆమె ఎరిగి చెప్పినదే అనుకోలేము. గోప్యత కోరినట్లు కాగితంలో ఉన్నా, తల్లినే మళ్లీ అడిగి సమ్మతి తెలుసుకోవడం ఇక్కడ ఇద్దరికీ న్యాయం చేస్తుంది. బిడ్డను మరువని తల్లికి కూడా మాట చెప్పే అవకాశం దక్కుతుంది.

భద్రపరచవలసినవి: దత్తత ఉత్తర్వు, సంస్థ పేరు, నాటి ఛాయాచిత్రం, వైద్య నివేదిక. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులను జిల్లా మెజిస్ట్రేట్ జారీ చేస్తున్నారు. అంతకు పూర్వం జరిగిన దత్తతల ఉత్తర్వులు న్యాయస్థానాలు ఇచ్చినవి. పెంచినవారు ఈ కాగితాలను దాచి ఉంచితే బిడ్డకు రేపటి అన్వేషణ సులభమవుతుంది.